మేనేజరు గారూ, ఇంతకీ ఏ బియ్యం తినమంటారు?

మహారాజశ్రీ సూపర్ మార్కెట్ మేనేజరు గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, మొన్న ఆదివారం తమరి కొట్టుకి బియ్యం బస్తా కోసం వచ్చాను. తమరి దయవల్ల గోడ పొడుగునా బియ్యమే. రా, స్టీమ్, సింగిల్ పాలిష్, ఏడాది పాతవి, రెండేళ్ల పాతవి, బీపీటీ, హెచ్‌ఎంటీ, జైశ్రీరామ్, షుగరున్నవాళ్లకని ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఇక సోనా మసూరి అని అచ్చేసిన సంచులైతే వరసలకు వరసలు. లోపల గింజ చూద్దామంటే మూతికి కుట్టు! ఇన్ని పేర్చినవారికి రకానికో గుప్పెడు పళ్లెంలో పోసి పెట్టడానికి ఏం రోగమండీ? పంటికింద వేసి కొరికితేగా పాతో కొత్తో తెలిసేది! మీ కుర్రాణ్ణి అడిగితే “అన్నీ మంచివే మేడమ్” అని ఫోన్లోకి వెళ్లిపోయాడు.

ఏదో ఒకటి తెచ్చాను. అన్నం ముద్దయింది.

ఇదివరకు ముద్దయితే వీధి చివర కిరాణా కొట్టాయన్ని తిట్టేవాళ్లం. ఆయన దగ్గరుండేవి మూడు రకాలు. ఏది తీసుకోవాలో ఆయనే చెప్పేవాడు, బాగాలేదంటే గొణుక్కుంటూనే మార్చేవాడు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ నన్నే అంటున్నారు, “అన్ని రకాలుంటే ఏరికోరి ఇదా తెచ్చావ్?” అని. తింటున్నంతసేపూ నా ధ్యాస కూడా ఆ పక్క సంచి మీదే. సరుకు మీది, డబ్బు నాది, తప్పు కూడా నాదేనా?

రకాలు ఎక్కువైతే ఏమవుతుందోనని షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలో ఒక కొట్లో జామ్ సీసాలు పెట్టి చూసి, 2000లో ఆ సంగతి ప్రకటించారు. 24 రకాలు పెడితే ఆగినవాళ్లలో నూటికి ముగ్గురు కొన్నారు, 6 పెడితే ముప్పై మంది. వాళ్లు రుచి చూపించారండీ! పైగా జామ్ కొనకుండా ఇంటికెళ్లిపోవచ్చు. నేను బియ్యం లేకుండా ఎలా వెళ్లను?

అన్నట్టు, బస్తా మీద ఆ 26 కిలోల లెక్కొకటి. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకింగుకి జీఎస్టీ వేస్తే వ్యాపారులు బస్తాలో కిలో ఎక్కువ నింపి తప్పించుకున్నారు, సంతోషం. ధర పోల్చాలంటే 26తో భాగహారం ఎవరు చేస్తారు?

అయ్యా, నాలుగు రకాలుంచండి. నాలుగు పళ్లేల్లో గింజలు పోయండి. బియ్యం తెలిసిన మనిషిని ఒక్కణ్ణి నిలబెట్టండి. మా బస్తాలో మూడు కిలోలే వాడాం. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు వెనక ఉంది, చదివాను. అయినా అడుగుతున్నాను, మిగతాది వెనక్కి తీసుకోండి బాబూ.

ఇట్లు,
తమరి వినియోగదారు