చట్రం లేని జీను, చట్టమున్న మెట్టు

గుర్రం జీను లోపల చెక్క చట్రం ఒకటుంటుంది. అది తీసేసి మెత్తగా కుట్టిందే చట్రం లేని జీను. మా ఎలమంచిలిలో చెబితే దొరల సంబరం అంటారు గానీ, నర్సీపట్నం దాటి కొండెక్కి చూడండి. సంతకి బస్తాలు మోసే గుర్రం వీపున గోనెపట్టా, దుప్పటి మడత. పైదేశాల్లో డాలర్లు పోసి కొనే సరుకే. కంపెనీ ముద్ర ఒక్కటే తక్కువ.

జీను ఎంపికలో కిటుకంతా గుర్రం వెన్నులోనే. చట్రముంటే బరువు రెండు పక్కలకీ సర్దుకుంటుంది, లేకపోతే తిన్నగా వెన్నెముక మీదే పడుతుంది. అందుకని నడుమ గాడి ఉన్న మెత్త ఒకటి కింద వేస్తారు. రికాబులో కాలు పెట్టి నేల మీంచి ఎగిరితే జీను పక్కకి జారుతుంది. కాబట్టి మెట్ల బల్ల వేసి, అవతలి రికాబు ఒకరు పట్టుకోగా, మెల్లిగా కూర్చోవాలి. కాళ్లు పనిచేయనివాళ్లకైతే చక్రాల కుర్చీ గుర్రం ఎత్తుకి చేరేలా ర్యాంపు కడతారు. జీను మెత్తన గనక గుర్రం ఒంటి వేడి, నడక లయ రౌతు నడుముకి తెలుస్తాయి. పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ ఆవిడ లిస్ హార్టెల్‌ని గుర్రం మీదికి మనుషులే ఎక్కించేవారు. ఆవిడే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో వెండి పతకం పట్టుకుపోయింది.

గుర్రానికి నొప్పెడుతుందని అక్కడ మెట్లేశారు. ఇక్కడ మన సర్కారు ఆఫీసుల్లో మనిషికి నొప్పెట్టేలా వేశారు. నడవలేనని కాగితం తెచ్చుకోడానికి మేడ మీదికి నడిచెళ్లాలి! ఎక్కితే వైకల్యం లేనట్టు, ఎక్కలేకపోతే అర్జీ లేనట్టు. ఏం పకడ్బందీ బాబూ!

చట్టం లేక కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. నియమాలు 2017లో వచ్చాయి. పాత సర్కారు భవనాలు సరిచేయడానికిచ్చిన ఐదేళ్లూ 2022లో నిండాయి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు అని కొలతా ఉంది. నేను చూసిన ర్యాంపు ఒకటి బళ్లు వరండాలోకి తోసుకోడానికి బాగా పనికొస్తోంది. చక్రాల కుర్చీ ఎక్కితే జారుడుబల్లే.

కొండ మీద ఆ గొడవే లేదు. రోడ్డు లేనిచోట ర్యాంపెందుకు? ఒక కర్ర, ఒక దుప్పటి, ఇద్దరు మనుషులు: డోలీ. చట్రం లేని అంబులెన్సు.

అయ్యా, ర్యాంపు టెండరు తేలేదాకా ఆఫీసు కిందే ఒక బల్ల, ఒక కుర్చీ వేయించి, గుమాస్తాగారిని మెట్లు దిగమనండి. ఆయనకి కాళ్లున్నాయి.