నేను బోరంచ గొంగడిని

మంజీర ఒడ్డున బోరంచ బీళ్లలో మేసిన నల్ల గొర్రెల ఉన్ని నాది. అవ్వ నన్ను వడికింది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేశారు. ఆ గంజితోనే నాకంత బిరుసు. కుర్మ తాత భుజం మీద ఎన్నో వానలు చూశాను.

ఓ చలికాలం పొద్దున నల్లపోచమ్మ గుడి దగ్గర కారు ఆగింది. జపాన్ దంపతులు దిగారు, ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. సన్నతి దగ్గరి కనగనహళ్లి స్తూపంలో అశోకుడి శిల్పం, దాని మీద చెక్కిన ఆయన పేరు చూసుకుని, బీదర్ మీదుగా కొండాపూర్ పోతున్నారు. ఆమె వణుకుతోంది. తాత నన్ను తీసి ఆమెకు కప్పాడు. డబ్బులివ్వబోతే "చలికి పైసలేంది బిడ్డా, కప్పుకో" అన్నాడు. డ్రైవర్ ఆ మాట చెప్పగానే ఇద్దరూ నడుం వంచి దండం పెట్టారు.

వాళ్ల షికోకు దీవిలోనూ ఇదే మర్యాద ఉందట. కూకై అనే గురువు పేరున అక్కడ 88 గుళ్లను కలుపుతూ దాదాపు 1,200 కిలోమీటర్ల యాత్రాదారి ఉంది. నడిచేవాళ్లకు దారిలోని ఊళ్లవాళ్లు పండో, టీయో, పడుకోను చోటో ఇస్తారు. యాత్రికుడి చేతికర్రే కూకై అని నమ్మకం. అందుకే బసకు చేరగానే ముందు కర్ర అడుగు కడుగుతారు. ఆ కర్ర వీళ్ల వెంట ఇక్కడికీ వచ్చింది. రాత్రి ఎంత అలసినా ఆమె భర్త దాన్ని కడిగాకే తన కాళ్లు కడుక్కునేవాడు.

ఇంత దూరం ఎందుకొచ్చారంటే నాగార్జునుడి కోసం. కూకై స్థాపించిన షింగోన్ బౌద్ధ శాఖకు నాగార్జునుడు మూలగురువుల్లో ఒకడు. దక్షిణ భారతంలో ఓ ఇనుప స్తూపాన్ని తెరిచి, అందులో రహస్య సూత్రాలు అందుకున్నాడని వాళ్ల కథ. ఆ స్తూపం అమరావతే కావచ్చని కొందరు పండితుల ఊహ.

కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాణేలు, పూసలు చూశారు. ఫణిగిరి గుట్ట ఎక్కారు. అక్కడ దొరికిన తోరణం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయొచ్చింది. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కితే నీళ్ల మీది గాలికి ఇద్దరూ నా కిందికే చేరారు. ఇక్ష్వాకుల విజయపురి ఆ నీళ్ల అడుగున ఉంది. డ్యాం కట్టేముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

అమరావతిలో మిగిలింది గుండ్రటి దిబ్బ, కొన్ని రాతి పలకలు. పాలరాతిలాంటి ఆ శిల్పాల్లో చాలా భాగం లండన్‌లో, చెన్నైలో ఉంది. ఆమె చెప్పులు విడిచింది. నన్ను భుజాన సర్దుకుని, ఆయన వెనకాలే స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసింది. షికోకులో ప్రతి గుడి ముందూ చదివే హృదయ సూత్రం ఇద్దరూ గొంతెత్తి చదివారు. పక్కన మేకలు కాసే పిల్లలు కిక్కురుమనకుండా విన్నారు. నాకైతే ఒళ్లు పులకరించింది. అది మనవాళ్లకు చెందిన స్తూపం. అంత దూరం నుంచి వచ్చి మొక్కుతున్నది వాళ్లు.

నేనిప్పుడు జపాన్‌లో వాళ్లింట్లో ఉన్నాను. వచ్చినవాళ్లకు ఆమె నన్ను చూపి బోరంచ పేరు చెబుతుంది.

సన్నతి నుంచి అమరావతి దాకా మన దగ్గరా దారి ఉంది. లేనిదల్లా ఆ ఊళ్లను ఒక వరసలో కలిపి చూపే బోర్డులు, యాత్రికుడు రాత్రి తలదాచుకునే బసలు. అవి రావాలి. వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బోరంచ పోచమ్మకు మొక్కి సంగారెడ్డి వైపు పోయేవాళ్లారా, పిల్లల్ని తీసుకుని ఒక్కసారి కొండాపూర్‌లో దిగండి.