వేళలు మార్చడమైనది

మార్చి నెల సగానికి వచ్చిందంటే చాలు, మన రాష్ట్రంలో ఎండను అదుపు చేస్తూ ఒక ఉత్తర్వు వెలువడుతుంది: ఒంటిపూట బడులు. 2025లో మార్చి 15న మొదలుపెట్టారు. పొద్దున 7:45కు గంట కొట్టాలి, 12:30కు పిల్లల్ని వదలాలి. పసివాళ్ళకు ఎండదెబ్బ తగలకూడదన్న దయతో రాసిన కాగితమే, కాదనడం లేదు. కాకపోతే రాసినవాళ్ళు సీమలోని మన ఊరు యాడికి ఎక్కడుందో పటం మీద చూసుకున్నట్టు లేదు. మార్చి 15న యాడికిలో సూర్యుడు ఎక్కగలిగినంత ఎత్తుకూ ఎక్కేది గడియారంలో 12:27 ప్రాంతంలో. ఆయన పైకెక్కి కుదురుగా కూర్చునేదాకా ఓ మూడు నిమిషాలు ఓపిక పట్టి, అప్పుడు పిల్లల్ని బయటికి తోలుతున్నాం. బడిలో అన్నం తిని బయలుదేరేవాళ్ళకు ఇంకో అరగంట. అప్పటికి నేల కూడా కాగి సిద్ధంగా ఉంటుంది.

లెక్క సులువే. దేశం గడియారాన్ని 1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల తూర్పు రేఖకు కట్టేశారు. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ పక్క నుంచి, మన రాష్ట్రంలో కాకినాడ పక్క నుంచి పోతుంది. యాడికి దానికి నాలుగున్నర డిగ్రీలకు పైగా పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాకినాడలో మధ్యాహ్నం అయిపోయాక యాడికికి సూర్యుడు ఇంకో పద్దెనిమిది నిమిషాలు దారిలో ఉంటాడు. పైగా ఆయన ఏడాదంతా ఒకే వేళ పాటించే ఉద్యోగి కాదు. మన ఊరి నడిమధ్యాహ్నం ఫిబ్రవరిలో 12:32 దాకా జరుగుతుంది, నవంబరు మొదట్లో 12:02కే వచ్చేస్తుంది. నీళ్ళు పోయినాయని, రాజధాని పోయిందని సీమలో ఎన్ని ధర్నాలైనా చేశాం. మధ్యాహ్నం పన్నెండు కూడా కోస్తాకే పోయిందని ఇంతవరకు ఒక్క జెండా లేవలేదు.

రాహుకాలం సంగతి ఇంకా ముచ్చటైంది. పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్క కట్టాల్సింది సూర్యోదయం నుంచి. గోడ క్యాలెండరు మాత్రం ఏ ఊరికైనా, ఏ నెలకైనా సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని అచ్చేస్తుంది, పొద్దు ఎప్పుడూ ఆరింటికే పొడిచినట్టు. జనవరిలో యాడికిలో పొద్దు పొడిచేది ఆరుముప్పావు దాటాక. రాహువు కూడా మీర్జాపూర్ వాచీయే కట్టుకుంటాడన్నమాట.

ముల్లు తిప్పి పొద్దును దారికి తెచ్చే సరదా మన బుర్రలో పుట్టింది కాదు. ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్ళు కట్టే పెద్దమనిషి, జనం తెల్లవారి వెలుతురును నిద్రలో తగలేస్తున్నారని బాధపడి 1907లో ఒక కరపత్రం వేశాడు. ఆయన మాట ఆయన దేశం కంటే ముందు, యుద్ధంలో ఉన్న జర్మనీ విని 1916లో ముల్లు తిప్పింది. యుద్ధం వస్తే మనకూ తప్పలేదు. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దొరలు దేశం మొత్తం గడియారాన్ని ఇంకో గంట ముందుకు తోశారు. యాడికి సూర్యుడు ఆ మూడేళ్ళూ గంటా పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా డ్యూటీకి వచ్చాడు. కోళ్ళు మటుకు సైన్యంలో చేరలేదు.

అమెరికాలో ఆ జబ్బు ఇప్పటికీ నయం కాలేదు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి. చలికాలమంతా పొద్దున ఏడున్నరకు మోగే డాలస్ కొడుకు ఫోను మార్చిలో ఉన్నట్టుండి ఆరున్నరకే మోగితే, ఇక్కడ తల్లికి గుండె జారిపోతుంది: ‘ఏమైందిరా నాయనా, ఇంత పొద్దున్నే?’ ఏమీ కాలేదమ్మా, మా దేశంలో టైము మారింది అంటాడు వాడు. అక్కడి గుండెలకూ కష్టమే. వసంతంలో ముల్లు ముందుకు జరిపిన తర్వాతి వారంలో గుండెపోట్లు ఐదు శాతం దాకా ఎక్కువగా వస్తున్నాయని స్వీడన్ పరిశోధకులు 2008లో లెక్క తేల్చారు. ఈ తిప్పుడు మానేయండని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2020లో చెప్పింది. ఒంట్లో ఒక గడియారం ఉంటుందని, అది గోడ గడియారం మాట వినదని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో ఆ గడియారం ఎట్లా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ కూడా ఇచ్చారు.

ఏడాదికి ఒక్క ఆదివారం, ఒక్క గంట నిద్ర పోయినందుకు ఇంత శాస్త్రం. ఇక యాడికి మండలంలో ఉపాధి పనికి పోయే ఆడమనిషి సంగతి చూద్దాం. ఎండాకాలం కాబట్టి పని వేళలు మార్చడమైనది: పొద్దున ఆరింటికల్లా గుంత దగ్గర ఉండాలి. ఆరుకు అక్కడుండాలంటే ఐదుకు ఇల్లు వదలాలి. అంతకు ముందే నీళ్ళు పట్టాలి, సంకటి గెలకాలి, పిల్లలకు మూత పెట్టి పోవాలి. మూడున్నరకు లేవక తప్పదు. పోనీ తొందరగా పడుకుంటుందా? ఇంటి కప్పు నాపరాయి. పగలంతా తాగిన ఎండను ఆ బండ రాత్రి పొద్దుపోయేదాకా కక్కుతూనే ఉంటుంది. మిద్దె పైకెక్కి పడుకుందామన్నా కింద అదే బండ. కన్ను మూతపడేసరికి పన్నెండు, ఒంటిగంట. అమెరికావాడు ఒక్క రాత్రి పోగొట్టుకునే నిద్రను ఈమె మార్చి నుంచి జూన్ దాకా రోజూ రెండు వైపుల నుంచీ పోగొట్టుకుంటుంది. ఈగ ఒంట్లోని గడియారం మీద ఉన్న శ్రద్ధలో ఓ పాలు ఈమె మీద పెడితే ఎవరికైనా ఇంకో బహుమతి వచ్చేది.

ఆ నిద్రకు ఖరీదు కట్టే షరాబు ఇంకా పుట్టలేదు గానీ, దీపాలకు కట్టినవాళ్ళున్నారు. దేశం గడియారాన్ని శాశ్వతంగా అరగంట ముందుకు జరిపితే సాయంత్రం కరెంటు బోలెడు మిగులుతుందని బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ పరిశోధకులు కొన్నేళ్ళుగా చెబుతూ వచ్చారు. అస్సాం వాళ్ళకు అది మేలే కావచ్చు. అక్కడి తేయాకు తోటలు ఎప్పటినుంచో గంట ముందు గడియారం పెట్టుకుని బతుకుతున్నాయి. మనకైతే పద్దెనిమిదికి ముప్పై కలిపి నలభై ఎనిమిది నిమిషాలు. జనవరిలో ఏడుంపావుకు పొద్దు పొడుస్తుంది. అయినా ముల్లు తిప్పి మిగుల్చుకోవడానికి మన దగ్గర వెలుతురు కొరత ఎక్కడిది? యాడికిలో అతి పొడుగు పగలు పదమూడు గంటలు, అతి పొట్టి పగలు పదకొండుంపావు. ఏడాది మొత్తం మీద తేడా గంటా ముప్పావు. ఇక్కడ ఎవరూ వెలుతురు చాలడం లేదని అర్జీ పెట్టలేదు.

ఈ గొడవలన్నీ తీర్చడానికేమో, 2025 జనవరిలో కేంద్రం ఒక ముసాయిదా బయటపెట్టింది. ఒక దేశం, ఒకే సమయం. కచేరీలు, బ్యాంకులు, టెలిఫోన్లు, కరెంటు గ్రిడ్డు అన్నీ సెకనులో అతి చిన్న తునక కూడా తేడా రాకుండా భారత ప్రామాణిక కాలాన్నే పాటించాలట. సంతోషం. వ్యవసాయానికి ఏడు గంటల ఉచిత కరెంటును రెండు ముక్కలు చేసి ఒక ముక్క రాత్రిపూట ఇచ్చిన రోజుల్లో, మోటారు వేయడానికి పాముల్ని తొక్కుకుంటూ చేనికి పోయిన రైతును అడగండి. టైము ఎంతయిందని ఆకాశం చూసినవాడు కాదు, గడియారం చూసినవాడూ కాదు. స్టార్టరు మీద లైటు వెలిగితే తెల్లవారినట్టు.

అసలు సంగతికి వస్తాను. ఎండాకాలం వస్తే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతుంది. ఫలానా మండలాల్లో వడగాడ్పులు, అవసరమైతే తప్ప బయటికి రావద్దు, ఎండ ముదిరిన వేళ ఇంటిపట్టునే ఉండాలి, మజ్జిగ తాగాలి. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు పోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. వాళ్ళలో షికారుకు బయల్దేరినవాళ్ళు ఎందరుంటారు? బండల క్వారీలో సుత్తి పట్టినవాడికి, సిమెంటు లారీకి మూటలెత్తేవాడికి, గొర్రెల వెంట పోయేవాడికి ఆ సందేశం చేరుతుంది. చేరాక ఏం చేయాలి? మేస్త్రీకి చూపించి, ‘అన్నా, ప్రభుత్వం పోవద్దంటాంది, కూలి మాత్రం ఇయ్యి’ అనాలి కాబోలు.

పని వద్దని చెప్పే దేశాలూ ఉన్నాయి, దూరం కూడా కాదు. సీమ నుంచి బతకబోయేవాళ్ళకు బాగా తెలిసిన కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట పని చేయించడం నిషేధం. చేయిస్తే శిక్ష పడేది చేయించినవాడికి. అక్కడ మనవాళ్ళకు సుఖమని ఎవరూ అనలేరు, పెట్టెల్లో తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ ఐదు గంటలు కాగితం మీదైనా చట్టం. కడప పిల్లోడికి కువైట్‌లో చట్టమైంది, సొంతూరికి వస్తే మజ్జిగ సలహా అవుతుంది. కేరళలో కూడా వేసవి రాగానే కార్మిక శాఖ నడిమధ్యాహ్నం పని ఆపమని ఆదేశాలిస్తుంది. సూర్యుడు అందరికీ ఒకడే, మేస్త్రీలే వేరు.

మనమూ ఒకప్పుడు కొంత బుద్ధిగానే ఉన్నాం. ఉపాధి పనిలో వేసవి భత్యం ఉండేది. ఎండ ముదిరే నెలల్లో ఇరవై నుంచి ముప్పై శాతం దాకా తక్కువ తవ్వినా నిండు కూలి పడేది. గట్టిపడిన నేల గడ్డపారకు లొంగదని ఎవరో మట్టి తెలిసిన అధికారి ఆలోచించి పెట్టి ఉంటాడు. తర్వాత సాఫ్ట్‌వేరు మారింది, కొత్త సాఫ్ట్‌వేరులో ఎండాకాలం లేదు. దాని బదులు ఫోటో వచ్చింది. 2023 జనవరి 1 నుంచి పని జరిగే ప్రతి చోటా రోజుకు రెండుసార్లు ఫోన్లో ఫోటో తీసి ఎక్కించాలి, లేకపోతే మస్టరు పడదు. మొదటి ఫోటోకూ రెండోదానికీ నడుమ నాలుగు గంటలు ఉండాలి. ఆరింటికి వచ్చి, చల్లపూటే గుంత తవ్వి ముగించినవాళ్ళు గట్టున కూర్చుంటారు, ఒక యంత్రానికి ముఖం చూపించడానికి. సిగ్నలు లేకపోతే ఇంకాసేపు. పని వేళలు మార్చింది ఎండ తప్పించడానికి, ఫోటో వేళలు పెట్టింది కూలీ తప్పించుకోకుండా. రెండు ఉత్తర్వులూ ఒకే ఆడమనిషి నెత్తిమీద కలుసుకుంటాయి, అక్కడ గంప కూడా ఉంటుంది.

ఖగోళం కూడా ఎగతాళి చేయాలనుకుంటే చేస్తుంది. పదిహేనో డిగ్రీ మీద ఉన్న యాడికిలో సూర్యుడు వేసవిలో మనిషి నెత్తికి నిట్టనిలువుగా, నీడ కాళ్ళ కింద దాక్కునేట్టుగా వచ్చేది ఏప్రిల్ ఆఖరుకూ మే ఒకటికీ మధ్య, పగలు పన్నెండుంపావుకు. మే ఒకటి కార్మికుల పండగ. సభ పదిన్నరకని కరపత్రంలో వేస్తారు, కూలీలు పదికే వచ్చి కూర్చుంటారు, నాయకుడి కారు సరిగ్గా పన్నెండుంపావుకు వస్తుంది. ఆయన దిగి దండలు వేయించుకుని మాట్లాడినంతసేపూ డ్రైవరు ఇంజను ఆపడు, ఏసీ చల్లదనం పోతుందని.