బాలకృష్ణుడు రెడీయా?

ఏడాదిన్నర బాబు ఫొటోషూట్‌కు సిద్ధమేనా? అమ్మ సిద్ధం, నాన్న పర్సు సిద్ధం. అద్దె కిరీటం, నెమలి పింఛం, థర్మోకోల్ వెన్నకుండ కూడా సిద్ధం. పంతులుగారు పెట్టిన ముహూర్తం మాత్రం సరిగ్గా వాడు కునుకు తీసే 11 గంటలకే పడింది. అసలే కొత్త ముఖం చూస్తే గుక్కపట్టే వయసు. ఎదురుగా గడ్డం ఫొటోగ్రాఫర్, తెల్ల గొడుగు, కళ్లలోకి ఫ్లాష్! తాతయ్య గిలక్కాయ ఆడిస్తున్నారు, పిన్ని పిల్లిలా అరుస్తోంది, అమ్మమ్మ “ఇటు చూడు నాన్నా” అని బతిమాలుతోంది. వాడు కిరీటం పీకేసి పింఛం నములుతున్నాడు. (అసలు కృష్ణుడు మన్ను తిన్నాడు, నయం!) రెండు గంటలకు నవ్విన ఫొటో ఒక్కటే దక్కింది. అదీ ఇంటికెళ్తూ ఆటోలో, నిద్రలో నవ్వుతుంటే నాన్న ఫోన్‌లో తీసింది. దాన్ని ఆల్బమ్‌లో వేయాలంటే ఎక్స్‌ట్రా అట!