బిగువే బ్రహ్మమట!

మతములకు కొదవలేని ఈ దేశమున నాస్తికులన్నవారే లేని మతమొకటి కలదు. దాని పేరు ఫిట్టింగు. దేవుడు లేడని బల్లగుద్ది వాదించు ఇంట కూడ రవిక కొంచెము వదులుగా ఉండవచ్చునని పలుకుటకు ఎవరికిని గుండె చాలదు. వస్త్రము దేహమును అంటిపెట్టుకొని యుండవలెననియు, వీపున ముడుత పడుట మహాపాతకమనియు, తొడుగుకొన్న మనిషి ఊపిరి పీల్చుట, చేయి ఎత్తుట, వంగుట మొదలైనవి తీరికవేళ ఆలోచింపదగిన అల్పవిషయములనియు ఈ మతసిద్ధాంతము. పెండ్లిపందిట ఒక యిల్లాలు పూటంతయు మోచేతులు నడుమునకు ఆనించుకొని, వడ్డించువారికి చాలునని చేయి అడ్డము పెట్టుటకైనను సంకోచించుచు కూర్చుండగా, చుట్టునున్నవారు ‘ఎంత చక్కగా అతికిందో! ఎవరు కుట్టారు?’ అని అడుగుదురు. ఆమె నిండు చిరునవ్వుతో, అరకొర ఊపిరితో, దర్జీ పేరు చెప్పును.

ఈ మతమున కొలతలు తీయు విధానము తర్కశాస్త్ర విద్యార్థులు చూడదగినది. క్రొత్తరవికకు ప్రమాణము పాతరవిక. దానిని ఆదిజాకెట్టు అందురు. ఆ ఆదిజాకెట్టు అంతకుముందటి దానిని చూచి కోసినది. అదియు దానికి ముందటి దాని సంతానమే. నడుమ ఒకదానికి ప్రక్కకుట్టు విప్పిరి, ఒకదానికి హుక్కులు జరిపిరి, వేరొకదానిని ఇష్టము లేకయే మూడేండ్లు తొడిగిరి. అయినను వంశగౌరవమునకు భంగము లేదు. న్యాయశాస్త్రజ్ఞులు దీనిని అనవస్థాదోషమందురు, దర్జీలు అనుభవమందురు. ఆదిజాకెట్టు తేనివారికి టేపు కలదు. టేపు చుట్టిన క్షణమున ఆమె నిటారుగా నిలిచి, పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగపట్టును; మాస్టరు పుస్తకమున వ్రాసికొనునది ఆ ఒక్క క్షణపు కొలత. మిగిలిన దినమంతయు ఆమె అటకమీది డబ్బా అందుకొనును, బస్సులో పైకమ్మి పట్టుకొనును, వంగి ముగ్గు పెట్టును. నిండుగా ఊపిరి పీల్చినచో ఛాతీ కొలత అంగుళము మొదలు రెండంగుళముల వరకు పెరుగును. వీటన్నిటికై కత్తెర దయతలచి విడిచినది అరంగుళమో, అంగుళమో.

చేయి ఎత్తగానే రవిక మొత్తము నడుము విడిచి పైకి ఎగబ్రాకుట ఎల్లరెరిగినదే. ఒళ్లు చేయుటయే దీనికి కారణమని దర్జీ సూచించును, ఇల్లాలు నమ్మును. నిజమునకు దోషము కత్తెరది. చంక పట్టుచున్నదనగానే దానిని మరింత క్రిందికి కోయుట దుకాణముల వాడుక. చంక ఎంత క్రిందికి దిగిన, చేయి లేచునపుడు ప్రక్కభాగమును అంతగా పైకి లాగును. చంక దేహమునకు దగ్గరగా ఉండి, చేతిముక్క తలభాగము ఎత్తు తగ్గి, అడ్డము పెరిగినచో చేయి సులువుగా లేచును. అప్పుడు చేయి దించిననాడు భుజము క్రింద చిన్న ముడుత పడును. ఆ ముడుతయే చేయి ఎత్తుటకు దాచియుంచిన గుడ్డ యని తెలియక, దానిని నిర్దాక్షిణ్యముగా కోసివేయుదురు. పురుషుల లాల్చీకి చంకలో చదరపు ముక్క వేసి స్వేచ్ఛ ప్రసాదించినదియు ఈ కుట్టుపనియే. ఆ ముక్కను స్త్రీల రవికకు వేయుమన్నచో ‘లుక్కు పోతుందమ్మా’ అని మాస్టరు నొచ్చుకొనును. మరీ పట్టుపట్టినచో ‘నాలుగు ఉతుకులు పడితే అదే సాగుతుందమ్మా’ అని అభయమిచ్చును. నూలుగుడ్డ మొదటి ఉతుకునకే కుదించుకొనునని లోకమెల్ల ఎరుగును. ఆయన దుకాణపు నూలు మాత్రము సాగును.

ఈ మతమునకు పాషండులు ఎవరనగా, కాగితపు నమూనా ముందుంచుకొని తమ టాపులు, రవికలు తామే కుట్టుకొనువారు. ఈ పాషండము నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో ఎబనేజర్ బటరిక్ అను దర్జీయే 1863లో వేర్వేరు కొలతల కాగితపు నమూనాలను అమ్మకమునకు పెట్టెను. జర్మనీలో బుర్డా పత్రిక 1952 నుండి నమూనాపటములను సంచికతో జతచేసి పంచెను. వీటిలోని రహస్యమంతయు ఒక్కటే: దేహపు కొలతకు, బట్ట కొలతకు నడుమ ఎంత వదులుండవలెనో కత్తెర పట్టుటకు ముందే నిర్ణయించుట. ఛాతీ 36 అంగుళములైనచో సుఖమైన టాపు చుట్టుకొలత 40 అంగుళములు. గుడ్డను మొదట తడిపి ఆరబెట్టి, కాగితముపైని బాణపుగుర్తును నిలువుపోగునకు సరిచూచి, కుట్టునకు గుడ్డ విడిచి కోయుదురు. సందేహమున్నచో ముందుగా పాతచీర ముక్కపై కోసి, తొడిగి, చేయి ఎత్తి చూచి, పిన్నులతో సరిచేసి, ఆ దిద్దుబాటును కాగితమునకు ఎక్కింతురు. ఒకసారి దిద్దిన తప్పు మరల రాదు; ఆదిజాకెట్ల వంశమున లేని సుగుణమిదియే.

మతస్థుల కోపమునకు హద్దు లేదు. ‘ఇదేమిటే, దిండు గలేబులా ఉంది!’ అని ఒకరు. ‘నైటీ మీదే వచ్చేశావా వదినా?’ అని వేరొకరు; ‘పాపం, కుట్టుకూలి ఇచ్చుకోలేకనా?’ అని జాలిగుండెవారు. ఈ జాలిగుండెవారే మగ్గంవర్కు రవికకు చీర వెలను మించిన మజూరీ చెల్లించి, అది తొడిగి పంక్తిలో కూర్చుండలేక నిలువుకాళ్ల విందునకు మ్రొక్కుదురు. వీరి ఇంట పుట్టింటివారిచ్చిన కుట్టుమిషను, గుడ్డ కప్పుకొని, పూలకుండీ మోయుచుండును. మన అవ్వలు ముందువైపు ముడివేసికొను రవికలు తొడిగిరి. కడుపు నిండిననాడు ముడి వదులు చేసికొనిరి, చంటిబిడ్డ ఏడ్చిననాడు విప్పుకొనిరి. అది అనాగరికమట. వీపున హుక్కులు పెట్టించుకొని, వాటిని తగిలించుటకు ఇంటిలో మరొక మనిషిని వెదకుట నాగరికతయట.

దర్జీని మాత్రము నిందింపరాదు. మెప్పు దేనికో ఆయన కత్తెర దానికే. అంగుళము వదిలినచో ‘లూజైంది మాస్టారూ’ అని మరునాడే వెనుకకు తెచ్చునది మనమే. ఇంట కుట్టుకొనువారికిని ఎడమచేయి కుడివైపున అతికిన దినములు కలవు. అది కుట్టు విప్పినచో తీరు కష్టము. కనుక రవికకు పరీక్ష అద్దము ముందు జరుపరాదు. తొడుగుకొని రెండుచేతులు పైకెత్తి కొప్పు ముడువుడు. నిండుగా ఊపిరి పీల్చుడు. పీటపై కూర్చుండి కడుపార భుజింపుడు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి అడ్డుపడినను, ఆ రవికను మగ్గంవర్కుతో సహా బట్టలదుకాణపు అద్దముల వెనుక నిలిచిన బొమ్మకు బహూకరింపుడు. ఫిట్టింగు మతమునకు తగిన భక్తురాలు ఆమెయే. ఊపిరి పీల్చు దురలవాటు ఆమెకు లేదు.