గోల్ఫ్ పరీక్షక ప్రకటన: తునీయ టీకాతాత్పర్య సహితం

అవతారిక: గోల్ఫ్ కర్రలు, బంతులు తయారుచేసే కంపెనీలు కొత్త సరుకును అంగడికి పంపకముందే మామూలు ఆటగాళ్లు కొందరికి ఇచ్చి, ఆడించి, వారి అభిప్రాయం సేకరించే ఆచారం అమెరికాలో వ్యాప్తిలో ఉన్నందున, అటువంటి ప్రకటనల సారాన్ని ఒక్క వాక్యంగా కూర్చి, దానికి తుని పట్టణ పాఠకులకు సుబోధకమయ్యేలా ఈ వ్యాఖ్య రచించడమైనది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మెదకు సీమ సంస్కృత వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి పెట్టుకున్న నియమంలో ఇక్కడ మొదటి సగం మాత్రమే పాటించబడింది.

మూలం: నూతన గోల్ఫ్ పరికరములను మైదానమున పరీక్షించి, తమ అభిప్రాయమును నిజాయితీగా వ్రాసి పంపగల స్వచ్ఛంద పరీక్షకులు కావలెను, అభ్యర్థులు తమ హ్యాండిక్యాప్‌ను తెలుపవలెను, ఎంపికైనవారు పరికరమును తమవద్దనే ఉంచుకొనవచ్చును.

ప్రతిపదార్థం: నూతన = ఇంకా అంగడికి రానివి, లేక నిరుడు వచ్చి ఈయేడు రంగు మారినవి అయిన; గోల్ఫ్ పరికరములను = కర్రలు, బంతులు, చేతొడుగులు, సంచులు మొదలైనవానిని; మైదానమున = పద్దెనిమిది గుంటలుగల పచ్చికబయలునందు; పరీక్షించి = బంతిని కొట్టి, అది ఎటు పోయెనో వెదకి; నిజాయితీగా = ఈ పదం ముందు విచారింపబడును; స్వచ్ఛంద = జీతమడుగని; హ్యాండిక్యాప్‌ను = తమ ఆటలోని లోపపు కొలతను; తమవద్దనే = తపాలా ఖర్చులు పెట్టి తిరిగి పంపనక్కరలేక; కావలెను = కావలెను.

విశేషం: హ్యాండిక్యాప్ అనగా ఆటగాడు మైదానపు ప్రమాణం కంటే సుమారుగా ఎన్ని దెబ్బలు అదనంగా కొడతాడో తెలిపే సంఖ్య, 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఇది 54.0 వరకు ఉండవచ్చు, సంఖ్య పెరిగినకొద్దీ ఆట తగ్గినట్టు. మరి ఉద్యోగ ప్రకటనలు అర్హతలడుగుతుండగా ఈ ప్రకటన లోపాన్ని అడగడమేమిటన్న శంక కలుగుతుంది. దీనికి సమాధానం ఒక యంత్రం చరిత్రలో ఉంది. 1960లలో ట్రూ టెంపర్ సంస్థ ప్రసిద్ధ ఆటగాడు బైరన్ నెల్సన్ ఊపును అనుకరించే యంత్రాన్ని నిర్మించగా దానికి ఐరన్ బైరన్ అనే పేరు స్థిరపడింది. అమెరికా గోల్ఫ్ సంఘం బంతుల పరీక్షకు దానిని చాలాకాలం వాడింది. ఆ యంత్రం ఎన్నిసార్లు కొట్టినా ఒకే తీరున కొడుతుంది, దానికి విసుగు లేదు, నడుంనొప్పి లేదు, పక్కవాడు చూస్తున్నాడన్న బెరుకు లేదు. అయితే కర్రలు కొనేది యంత్రాలు కావు. కర్రముఖం నడిమి భాగాన్ని వదిలి అంచులతో బంతిని తాకించే కోటానుకోట్ల జనమే కొనుగోలుదార్లు కాబట్టి, గురి తప్పేవాడే పరీక్షకుడుగా పనికివస్తాడు. దోషాన్ని గుణంగా వర్ణించడం లేశాలంకారమని కువలయానందంలో అప్పయ్యదీక్షితులు చెప్పినందున, ఇక్కడ ఆ అలంకారమే గ్రాహ్యం.

బంతి అంచున తగిలినప్పుడు కర్రతల మెలితిరగకుండా నిలిచే గుణానికి జడత్వ భ్రామకమని పేరు. డ్రైవర్, అంటే దూరం కొట్టడానికి వాడే పెద్దతల కర్ర విషయంలో, ఇది 5900 గ్రాము-చదరపు సెంటీమీటర్లనూ, తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లనూ మించరాదని నియమాలున్నాయి; స్వల్పమైన సడలింపు మాత్రం ఇస్తారు. తయారీదారులు చాలామంది ఆ హద్దుల దగ్గరకు వచ్చినవారే కాబట్టి, ఒక కర్రకు మరొక కర్రకు మిగిలే భేదం చాలావరకు చేతికి తెలిసేదీ, చెవికి వినిపించేదీ అయి ఉంటుంది. చెవి సంగతి తేలికైనది కాదు: కార్‌స్టెన్ సోల్హైమ్ అనే ఇంజనీరు 1959లో తన ఇంటి గ్యారేజీలో చేసిన పటర్‌కు, అనగా బంతిని గుంటలోకి నెట్టే కర్రకు, అది చేసిన శబ్దాన్నిబట్టే పింగ్ అని పేరు వచ్చి, పెద్ద కంపెనీ పేరుగా నిలిచింది. ధ్వనియే కావ్యానికి ఆత్మ అన్న ఆనందవర్ధనుడు ఈ ధ్వనిని ఉద్దేశించలేదని స్పష్టమే.

ఆక్షేపం: కర్ర తనవద్దనే ఉండిపోతుందని తెలిసినవాడు నిజాయితీగా ఎట్లా రాస్తాడని పూర్వపక్షి అడుగుతాడు. తుని మామిడి బజారులో బేరగాడు ముక్క కోసి చేతికిచ్చినా కొనేవాడు మొహమాటపడి పండును పొగడడు కదా అని కొందరు సమాధానం చెప్పబోతారు గాని, ఆ దృష్టాంతం ఇక్కడ పొసగదు. అక్కడ ముక్క తిన్నవాడే బుట్టకు డబ్బు చెల్లించవలసి ఉండగా, ఇక్కడ కర్ర తీసుకున్నవాడొకడు, అతని మాట విని డబ్బు చెల్లించేవాడు మరొకడు. పైగా పక్షపాతం కలమునందే గాక కండరాలలోనూ ప్రవేశిస్తుంది. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, చేతిలో ఉన్నది బెన్ కర్టిస్ అనే వృత్తి ఆటగాడు వాడిన పటర్ అని చెప్పబడినవారు, ఏమీ చెప్పబడనివారికంటే ఎక్కువ బంతులు గుంటలో వేయడమే కాక, గుంటను కూడా పెద్దదిగా చూశారు. కాబట్టి మూలంలోని ‘నూతన’ అనే విశేషణమే పరీక్షకుడి బంతిని కొన్ని గజాలు ముందుకు తోసినా ఆశ్చర్యం లేదు.

సమాధానం: ‘నిజాయితీగా’ అనే పదానికి ‘వ్రాసి’ అనే క్రియతోనే అన్వయం, ‘ఉంచుకొనవచ్చును’తో దానికి సంబంధం లేదు. కావున పరీక్షకుడు పాత కర్రతోను కొత్త కర్రతోను ఒకే పూట మార్చి మార్చి కొట్టి, మంచి దెబ్బలతోపాటు తప్పిన దెబ్బలూ లెక్కవేసి రాసినట్లయితే ఆ రాత ప్రమాణం. ఒక్క గొప్ప దెబ్బను గుర్తుంచుకొని రాసినది స్తోత్రం.

అధికారి నిర్ణయం: గ్రంథానికి అర్హుడెవరో శాస్త్రాలు మొదటనే చెప్పినా, ఇక్కడ హ్యాండిక్యాప్ స్వరూపం తెలియకుండా అర్హత తేలదు కాబట్టి ఈ విచారం కడకు చేరింది. తాండవనదికి ఈవల తునిలోగాని ఆవల పాయకరావుపేటలోగాని గోల్ఫ్ మైదానం లేదు. మామిడితోపులో కొట్టి నేర్వవచ్చునని ఒక మతం ఉన్నది గాని, కొలతలు కట్టి ప్రమాణం నిర్ణయించిన మైదానంలో ఆడినదానికే హ్యాండిక్యాప్ లెక్క కడతారు కనుక ఆ మతం నిలవదు. అందుచేత తుని అభ్యర్థి రత్నాచల్ రైలు ఎక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ వంటి చోట చేరి, 54 గుంటల ఆట, అనగా మూడు పూర్తి ఆటలు, లెక్క చూపించిన పిమ్మట గాని మూలంలో అడిగిన ఆ ఒక్క సంఖ్య చేతికి రాదు. ఆటలో వెంట ఉంచుకోదగిన కర్రలు పద్నాలుగు వరకు ఉండగా, ప్రకటనవల్ల ఉచితంగా లభించేది ఒకటి. తక్కిన పదమూడు అభ్యర్థి సొంత ఖర్చు.