తాబేలు గారి పట్టాభిషేకం

కొడుకు పుట్టగానే సంబరపడిపోకు, జనం వాణ్ణి మెచ్చుకున్ననాడు సంతోషించు అన్నాడు సుమతీ శతకంలో బద్దెన. యూకేజీలు లేని కాలం మనిషి కాబట్టి ఆయనకు చెల్లింది. జనం మెచ్చుకోవాలంటే ముందు జనానికి తీరికుండాలి కదా! బడి వార్షికోత్సవానికి వచ్చిన జనమంతా ఎవరి పిల్లల్ని వాళ్లు మెచ్చుకునే పనిలో తలమునకలై ఉంటారు.

మాది పాలకాయతిప్ప. హంసలదీవి దాటాక, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. అక్కడితో రోడ్డు అయిపోతుంది. మావాడి చదువు మాత్రం అవనిగడ్డలో. మొన్న మార్చిలో వాళ్ల బళ్లో ‘గ్రాడ్యుయేషన్ డే’ పెట్టి, అందులోనే వార్షికోత్సవం కూడా కలిపేశారు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ మహాశయుడు చిన్నపిల్లల బడి మొదలుపెట్టినప్పుడు వాళ్ల చేతికి బంతులు, చెక్కదిమ్మలు ఇచ్చాడు. మనవాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి నల్లగౌను, పలక టోపీ, గడ్డం కింద ఎలాస్టిక్కూ ఇచ్చారు. అద్దె వేరే.

దివిసీమ ఉక్కపోతలో ఆ గౌను వేసుకుంటే పెద్దవాళ్లకే ప్రాణం లేచిపోతుంది. మావాడు పట్టా అందుకున్న మరుక్షణం వేదిక మీదే దాన్ని విప్పి పడేశాడు. టీచరమ్మ కంగారుపడింది. నాకైతే ఛాతీ ఉప్పొంగింది. 2010లో భోపాల్ స్నాతకోత్సవంలో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ ఇదే పని చేస్తే దేశమంతా పేపర్లలో పడింది. మావాడు ఆ స్థాయికి యూకేజీలోనే చేరుకున్నాడు.

మా అమ్మకు మాత్రం వేరే సందేహం.

“ఒరేయ్, పట్టా వచ్చేసిందిగా! ఇహ ఏం చదువుతాడ్రా?”

“ఒకటో తరగతమ్మా.”

“పట్టా పుచ్చుకున్నాక ఒకటో తరగతేంట్రా, నామోషీగా!”

ఆ పట్టాకు కట్టిన ఎర్ర రిబ్బను విప్పి చూశాను. లోపల ఒకటో తరగతి ఫీజు వివరాలున్నాయి. అమ్మ అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదనిపించింది.

తర్వాత నాటిక. ‘సముద్ర జీవులను కాపాడుదాం’. అందులో మావాడు తాబేలు. అట్టపెట్టె కోసి, ఆకుపచ్చ రంగు పూసి, వాళ్లమ్మ తయారుచేసిన డిప్ప వీపు మీద పెట్టుకుని, బోర్లా పాకుతూ వేదిక చివర పరిచిన నీలం చీరలోకి వెళ్లిపోవాలి. తాబేళ్ల సంగతి మా తీరం వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆలివ్ రిడ్లీ తల్లి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చేసి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. సుమారు నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొచ్చి వాటి దారిన అవే నీళ్లలోకి పోతాయి. ఆ తల్లి వెనక్కి తిరిగి చూడదు, వీడియో తీయదు. వందమంది పిల్లలున్నా దాని ఫోను మెమరీ నిండదు. మేం ఒక్కణ్ణి కని, పాత ఫొటోలన్నీ తుడిచేసి వచ్చాం.

చీకట్లో తాబేళ్లన్నీ బుద్ధిగా నీలం చీర వైపు పాకుతున్నాయి. మావాడు సగం దూరం వెళ్లి ఆగాడు. మెడ ఎత్తాడు. చటుక్కున మా వైపు తిరిగి పాకడం మొదలుపెట్టాడు. జనం గొల్లున నవ్వారు.

“ఏవండీ, ముందు ఆ ఫోను లైటు ఆపండి!” అంది మా ఆవిడ.

నిజం తాబేలు పిల్లలూ అంతే. రాత్రిపూట వెలుతురు ఎటుంటే అదే సముద్రమనుకుంటాయి. అందుకే అవి గుడ్లు పెట్టే తీరాల్లో లైట్లు వేయొద్దంటారు. వేషం వేసినవాళ్లలో శాస్త్రప్రకారం నడిచిన తాబేలు మావాడొక్కడే అని పక్క కుర్చీలోని చెల్లెమ్మకు వివరించాను.

“అవునన్నయ్యగారూ, మీవాడు భలే చేశాడు” అందావిడ, కళ్లు ఫోనులోనే పెట్టి.

పొగడ్త చేబదులు లాంటిది, వెంటనే తీర్చేయాలి. “మీ పాప మాత్రం తక్కువా! చేప అంటే అచ్చం చేపే!”

“చేప కాదన్నయ్యగారూ, ఆక్టోపస్సు.”

ఇలాంటి మెప్పులు బద్దెన లెక్కలోకి రావు. ఇచ్చిపుచ్చుకునే బేరం ఆయన ఒప్పుకోడు. ఆ మాటకొస్తే నాటిక కథేమిటో హాల్లో ఎవరికీ తెలీదు. నా వీడియోలో తాబేలుంది, ఆవిడ వీడియోలో ఆక్టోపస్సుంది, సముద్రం ఎవరి దగ్గరా లేదు.

అంతా అయిపోయి కుర్చీలు సర్దుతుంటే మైకు సెట్టు కుర్రాడు వైర్లు చుట్టుకుంటూ మావాణ్ణి చూసి ఆగాడు. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, వేదిక మీద వాడికి చుట్టాలూ లేరు. “అదిగో, దారి తప్పిన తాబేలు! మొత్తం ప్రోగ్రాంలో నువ్వే హైలైటురా అబ్బాయ్” అన్నాడు.

జనం మెచ్చడమంటే ఇదీ! వాడి జేబులో ఓ వంద నోటు పెట్టాను. లంచం అనడానికి వీల్లేదు, పొగిడాకే ఇచ్చాను.